వాయించిందెవరో రాసిపెట్టినవాడు

1957 డిసెంబరు 8, ఆదివారం సాయంత్రం. న్యూయార్క్‌లో సీబీఎస్ టీవీ 'ది సౌండ్ ఆఫ్ జాజ్' పేరుతో గంటసేపు జాజ్ సంగీతాన్ని ప్రత్యక్షంగా ప్రసారం చేసింది. ఎత్తు స్టూలు మీద కూర్చుని గాయని బిల్లీ హాలిడే నిదానమైన బ్లూస్ పాట ఎత్తుకున్నారు. మధ్య మధ్యలో వాద్యగాళ్లకు వంతులు. ఒక్కో వంతు పన్నెండు బార్లు (మన తాళ ఆవర్తాల్లాంటివి), ఆ నడకలో నలభై సెకన్లకు అటూ ఇటూ. ఒంట్లో బాగాలేక చాలాసేపు కూర్చునే ఉన్న లెస్టర్ యంగ్ తన వంతు రాగానే లేచి శాక్సఫోన్ అందుకున్నారు. వాయించిన స్వరాలు కొన్నే. తొందర లేదు, మెరుపులు లేవు. ఎదురుగా హాలిడే ఆ ప్రతి స్వరాన్నీ ముఖంతో వింటూ తలాడిస్తున్నారు. కంట్రోల్ రూములో ఉన్నవాళ్ల కళ్లు చెమర్చాయని అక్కడే ఉన్న పాత్రికేయుడు నాట్ హెంటాఫ్ తర్వాత రాశారు. 1959 మార్చిలో యంగ్, జూలైలో హాలిడే కన్నుమూశారు.

ఆ కార్యక్రమానికి కళాకారులను ఎంపిక చేసింది హెంటాఫ్, ఆయన సహ రచయిత విట్నీ బాలియెట్. 2025 జూన్ 10కి హెంటాఫ్ పుట్టి నూరేళ్లు నిండాయి. సంగీతం గురించి రాయడమంటే ఏమిటో ఆరు దశాబ్దాలకు పైగా చేసి చూపిన ఈ పాత్రికేయుడి గురించి తెలుగు పాఠకులకు చెప్పడానికి మాకు బలమైన కారణమే ఉంది. ఆయన పట్టుకున్న పని మన దగ్గర దాదాపుగా మొదలే కాలేదు.

ముందు ఆ సాయంత్రం సంగతే ఇంకొంచెం. అదే పేరుతో ఒక ఎల్‌పీ రికార్డు కూడా వచ్చింది. అయితే అది ప్రసారానికి కొద్ది రోజుల ముందే స్టూడియోలో విడిగా రికార్డు చేసినది. టీవీలో బారిటోన్ శాక్సఫోన్ వాయించిన జెర్రీ మలిగన్ ఎల్‌పీలో లేరు. యంగ్ వాయించినదీ అక్కడొకటి, ఇక్కడొకటి. ఎల్‌పీ విని టీవీ కార్యక్రమం గురించి రాసేవాళ్లు పొరబడేది సరిగ్గా ఇక్కడే. టీవీలో వంతుల వరుస ఇదీ: బెన్ వెబ్‌స్టర్, లెస్టర్ యంగ్, విక్ డికెన్సన్, మలిగన్, కోల్మన్ హాకిన్స్, రాయ్ ఎల్‌డ్రిడ్జ్. ఈ వరుస తెలియనివాడు ఒకే పాటలో వినిపించే మూడు టెనర్ శాక్సఫోన్లను ఒకరిదనుకుని ఇంకొకరిని పొగుడుతాడు. వెబ్‌స్టర్ ఊపిరి బరువు వేరు, యంగ్ తేలిక వేరు, హాకిన్స్ దూకుడు వేరు. పేరు రాయడం గుమాస్తా పని కాదు, వినడంలో అది తొలి మెట్టు.

హెంటాఫ్ బోస్టన్‌లోని రాక్స్‌బరీలో యూదు కుటుంబంలో పుట్టారు. చిన్నతనంలో వీధిలో పోతూ రికార్డుల దుకాణం నుంచి ఆర్టీ షా బృందం వాద్యం వినబడి ఆనందం పట్టలేక కేక పెట్టారట. నార్త్‌ఈస్టర్న్‌లో చదువు, బోస్టన్ రేడియోలో జాజ్ కార్యక్రమం, రాత్రిళ్లు క్లబ్బుల్లో వాద్యగాళ్ల పక్కన కూర్చోవడం, ఇదీ ఆయన బడి. 1953లో 'డౌన్‌బీట్' పత్రిక న్యూయార్క్ బాధ్యతలు తీసుకున్నారు. 1957లో ఆ ఉద్యోగం పోయింది. నల్లజాతివారి సంగీతం మీద బతికే పత్రికలో నల్లజాతి ఉద్యోగి ఒక్కరైనా ఉండాలన్న పట్టుదలే అందుకు కారణమని ఆయన చెప్పేవారు. మరుసటి ఏడాదే మార్టిన్ విలియమ్స్‌తో కలిసి 'ది జాజ్ రివ్యూ' మొదలుపెట్టారు. అది 1961 దాకా నడిచింది.

ఆయన పనుల్లో మేము అన్నిటికన్నా పైన పెట్టేది 1955లో నాట్ షపీరోతో కలిసి కూర్చిన మౌఖిక చరిత్ర. అందులో జాజ్ కథను చెప్పేది విమర్శకులు కారు, వాయించినవాళ్లే. న్యూఆర్లీన్స్, షికాగో, న్యూయార్క్ అంటూ ఊళ్ల వెంట నడిచే అధ్యాయాల్లో ఒకరి మాట పక్కన ఇంకొకరి మాట. ఒకే సంఘటనను ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ ఉంటాయి. సంకలనకర్తలు నడుమ దూరి తీర్పు చెప్పరు. చూడ్డానికి సులువు. చేసేవాడికి తెలుస్తుంది: ఎవరి మాట తరువాత ఎవరిది పెట్టాలన్న దగ్గరే సగం చరిత్ర రచన అయిపోతుంది.

1960లో క్యాండిడ్ అనే చిన్న రికార్డు కంపెనీ ఆయనకు నిర్మాణ బాధ్యత అప్పగించింది. ఆ కొద్ది కాలంలోనే డ్రమ్మర్ మాక్స్ రోచ్ స్వాతంత్య్ర నినాదంతో చేసిన స్వరమాల, బాస్ వాద్యకారుడు చార్లెస్ మింగస్ నలుగురి బృందంతో చేసిన రికార్డు వచ్చాయి. మింగస్ స్టూడియోలో దీపాలు తగ్గించి, అది క్లబ్బే అన్నట్టుగా, లేని శ్రోతలను చప్పట్లు కొట్టొద్దనీ, గ్లాసుల్లో ఐసు గలగలలాడించొద్దనీ హెచ్చరించి మరీ మొదలుపెట్టారు. లిటిల్ రాక్ బడిలోకి నల్లజాతి పిల్లల్ని రానివ్వని ఆర్కన్సా గవర్నర్ ఫాబస్‌ను ఎండగట్టే మింగస్ పాట అంతకుముందు ఏడాది పెద్ద కంపెనీ రికార్డులో మాటల్లేకుండా వచ్చింది. ఇక్కడ మాటలతో సహా వచ్చింది. నిర్మాతగా హెంటాఫ్ చేసిందల్లా అడ్డు రాకపోవడం. అది చిన్న విషయం కాదు.

ఎల్‌పీ అట్ట వెనక రాసే వ్యాసం ఆయన చేతిలో ఒక ప్రత్యేక విద్య అయింది. పన్నెండంగుళాల చదరపు అట్ట, చిన్న అక్షరాలు. రికార్డు ఒక వైపు మోగే ఇరవై నిమిషాల్లో చదివి ముగించగలగాలి. అంతలోనే ఎవరు ఏ వాద్యం, ఏ పాటలో ఎవరి వంతు ముందు, పాట పుట్టిన సందర్భమేమిటి, కళాకారుడి సొంత మాట ఏది, అన్నీ పట్టాలి. 1963లో బాబ్ డిలన్ రెండో ఆల్బమ్‌కు రాసింది ఆయనే. 1964 జూన్ 9 రాత్రి డిలన్ మరో ఆల్బమ్ మొత్తాన్ని ఒకే బిగిన రికార్డు చేస్తుంటే స్టూడియోలో కూర్చుని, 'న్యూయార్కర్'కు దీర్ఘ వ్యాసం రాశారు. విన్నాక రాయడం వేరు, తయారవుతుంటే దగ్గరుండి చూసి రాయడం వేరు.

ఆయన అన్ని అభిప్రాయాలూ మాకు సమ్మతం కావు. గర్భస్రావాన్ని వ్యతిరేకించి సహచరులకు దూరమయ్యారు, ఇరాక్ యుద్ధాన్ని సమర్థించారు. 1958 నుంచి యాభై ఏళ్లు రాసిన 'విలేజ్ వాయిస్' వారపత్రిక 2008 చివర్లో ఆయనను తొలగించింది. 2004లో అమెరికా ప్రభుత్వ కళల నిధి సంస్థ ఆయనకు జాజ్ మాస్టర్ గౌరవం ఇచ్చింది. 2017 జనవరి 7న, 91 ఏళ్ల వయసులో, బిల్లీ హాలిడే పాట వింటూ కన్నుమూశారని కుమారుడు తెలిపారు.

ఇక మన సంగతి. పాత తెలుగు సినిమా రికార్డు లేబుల్ మీద సినిమా పేరు, గాయకులు, సంగీత దర్శకుడు ఉంటారు. చరణం ముందు గుండె పిండే వేణువు ఊదిందెవరో ఉండదు. క్యాసెట్ కాగితం మీదా లేదు, సీడీలోనూ లేదు, ఇప్పుడు ఫోన్‌లో మోగే పాట కిందా చాలావరకు లేదు. కరవది నుంచి ప్రపంచానికి వెళ్లిన షేక్ చినమౌలానా వంటి నాదస్వర విద్వాంసుల పేరు నిలిచింది. మరి పెళ్లి పందిట్లో రాత్రంతా సన్నాయి పక్కన డోలు వాయించినవారు? సురభి నాటకాలకు హార్మోనియం పట్టినవారు? బుర్రకథకు వంత పాడినవారు? మా పత్రికతో సహా తెలుగు పత్రికలన్నీ ఇందులో వెనకబడ్డాయి. కచేరీ సమీక్ష పేరుతో మనం అచ్చువేసేది చాలాసార్లు ముఖ్య అతిథి ప్రసంగం, సన్మాన గ్రహీతల ఫొటో. కీర్తన ఏది, రాగం ఏది, నెరవల్ (ఒకే పాదాన్ని రకరకాలుగా విస్తరించి పాడటం) ఎక్కడ చేశారు, తని ఆవర్తనం (మృదంగం వంటి వాద్యాలు విడిగా వాయించే వంతు) ఏ తాళంలో, ఈ నాలుగూ లేని సమీక్ష ఆహ్వాన పత్రికకు నకలు.

జిల్లా విలేకరులకు మా సూచన ఇది. వృద్ధ కళాకారుడి దగ్గరకు మైకుతో పాటు ఆయన పాత రికార్డింగు ఒకటి తీసుకెళ్లండి. దాన్ని వినిపిస్తే జ్ఞాపకం దానంతటదే కదులుతుంది. "మీ అనుభూతి ఏమిటి" అని అడిగితే అందరూ ఒకే జవాబు చెబుతారు. "ఆ రాత్రి మీ పక్కన డోలు ఎవరు, ఏ ఊరు, ఎవరి శిష్యుడు, ఎంత ఇచ్చారు" అని అడగండి. ఏడాది గుర్తులేదంటే దివిసీమ ఉప్పెనకు ముందా తర్వాతా అనండి, 1977 నవంబరుకు అటో ఇటో తేలిపోతుంది. ఫ్యాను ఆపండి, లేకపోతే మెల్లగా అన్న ఇంటిపేరు గాలిలో కలిసిపోతుంది. పేరు చెప్పగానే కాగితం మీద రాసి వారికే చూపించండి, ఇంటిపేర్లు తప్పేది అక్కడే. రికార్డింగు ఫోన్‌లోనే ఉంచితే ఫోన్ మారిన రోజున పోతుంది. అదే రాత్రి ఇంకో రెండు చోట్ల దాచండి, ఫైలు పేరులో మనిషి పేరు, ఊరు, తేదీ ఉండాలి. ఇద్దరి మాటలు పొసగకపోతే రెండూ పంపండి. ఆదివారం సంచికలో వాటికి చోటిచ్చే పూచీ మాది.