చొక్కా విప్పితే తప్పు, నోరు విప్పితే మహాపాపం

2020లో జనాభా లెక్కల కాగితం ఇంటికొస్తే మా బావ దాన్ని పిజ్జా కూపన్లతో కలిపి చెత్తబుట్టలో పడేశాడు. ఉండేది న్యూయార్క్ రాష్ట్రంలో బఫెలో శివార్లలో, చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. "వీసా మీదున్నవాళ్ళని ఎవడు లెక్కపెడతాడ్రా?" అన్నాడు. లెక్కపెడతారు బావా. వాళ్ళ రాజ్యాంగం లెక్కపెట్టమన్నది పౌరుల్ని కాదు, మనుషుల్ని. నిన్ను చూడ్డానికొచ్చి, విమానాలు ఆగిపోయి అక్కడే ఇరుక్కున్న మా అమ్మానాన్నల్ని వదిలేస్తారు గానీ, అక్కడే కాపురముంటున్న నిన్నూ అక్కనీ ఇద్దరు పిల్లల్నీ కచ్చితంగా లెక్కపెడతారు. కాగితం వెనక్కి రాకపోయేసరికి ఎండాకాలంలో ఒకావిడ మాస్కు కట్టుకుని వచ్చి తలుపు తట్టింది. సోలార్ పలకలు అమ్మడానికొచ్చిందనుకుని టీవీ కట్టేసి, పిల్లల నోళ్ళు మూసి, సోఫా వెనక నక్కి కూర్చున్నారు. మా నాన్న దగ్గొచ్చినా ఆపుకున్నారట.

2021 ఏప్రిల్ 26న ఫలితం వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రానికి 89 మంది తక్కువయ్యారు.

89 వేలు కాదు. 89 మంది. 2 కోట్ల 2 లక్షల జనంలో 89. మా వైపు పెళ్ళిలో రెండో బంతికి కూర్చునేవాళ్ళు. బస్సుకి డ్రైవరూ క్లీనరూ పోను, రెండు బస్సులు కూడా నిండరు. ఆ 89 మంది అదనంగా లెక్కలో తేలి, మిగతా రాష్ట్రాల లెక్కలు అలాగే ఉంటే, జనాభా లెక్కని బట్టి రాష్ట్రాలకి సీట్లు పంచే దిగువ సభలో న్యూయార్క్‌కి ఉన్న 27 సీట్లూ ఉండేవి. తేలలేదు కాబట్టి చిట్టచివరిదైన 435వ సీటు మినెసోటా పట్టుకుపోయింది. అలాగని న్యూయార్క్ జనం తగ్గారా అంటే లేదు, పదేళ్ళలో 8 లక్షల పైచిలుకు పెరిగారు. సభలో కుర్చీలు మాత్రం వందేళ్ళ నాటి 435 దగ్గరే ఆగిపోయాయి. 1929లో చట్టం చేసి మరీ మేకు కొట్టారు. మ్యూజికల్ చైర్స్ అన్నమాట. ఒకప్పుడు 45 కుర్చీలున్న రాష్ట్రం 26 దగ్గరికొచ్చింది.

ఆ పోయిన కుర్చీ న్యూయార్క్ 27వ కాంగ్రెస్ నియోజకవర్గం. దానికి నివాళి రాసేవాడు నాకెక్కడా కనపడలేదు. నేను రాస్తున్నాను. (కాంగ్రెస్ నియోజకవర్గం అంటే చెయ్యి గుర్తు అనుకునేరు. కాంగ్రెస్ అంటే వాళ్ళ పార్లమెంటు.)

బఫెలోకీ రోచెస్టర్‌కీ నడుమ పాడి, పంటలు, మంచు ఉన్న నేల ఇది. జెల్-ఓ అనే వణికే మిఠాయి పుట్టిన లెరాయ్ ఊరు ఇందులోదే. 1971లో ఖైదీలు తిరగబడగా 43 మంది చనిపోయిన అట్టికా జైలు కూడా ఇందులోదే. జైలు సంగతి గుర్తుపెట్టుకోండి, పనికొస్తుంది.

నంబరుకి మాత్రం స్థిరత్వం లేదు. బఫెలో బిల్స్ ఫుట్‌బాల్ జట్టుకి ఆడి రాజకీయాల్లోకొచ్చిన జాక్ కెంప్ ఈ చుట్టుపక్కల జనానికే 39, 38, 31 నంబర్ల కింద ప్రతినిధిగా ఉన్నాడు. బిల్ పాక్సన్ 31లో మొదలై 27లో తేలాడు. టామ్ రెనాల్డ్స్ 27లో గెలిచి 26కి మారాడు. ఊళ్ళూ ఆవులూ ఎక్కడివక్కడే, పదేళ్ళకోసారి నంబరు ప్లేటు మారుతుంది. మా అపార్ట్‌మెంట్లో పార్కింగ్ నంబర్లు కూడా ఇంతకంటే నిలకడగా ఉంటాయి.

ఇక ఆఖరి పన్నెండేళ్ళ చరిత్ర. ముగ్గురు క్రిస్‌ల చరిత్ర.

మొదటి క్రిస్, క్రిస్ లీ. అప్పటికి ప్లేటు మీద 26 ఉంది. పెళ్ళయినవాడు. ఇంటర్నెట్ ప్రకటనలో కనపడ్డ ఒకావిడకి చొక్కా లేకుండా అద్దం ముందు తీసుకున్న ఫోటో పంపాడు. 46 ఏళ్ళవాణ్ణి 39 అన్నాడు, విడాకులైనవాణ్ణి అన్నాడు. 2011 ఫిబ్రవరి 9న ఫోటో బయటికొచ్చింది. సాయంత్రానికల్లా రాజీనామా. ఆహా! కండలు తప్ప ప్రజాధనం బయటపడలేదు, అయినా పూట తిరక్కుండా కుర్చీ దిగాడు. మన వాట్సాప్ మేధావులు "అమెరికాలో సిస్టమ్ అంటే సిస్టమే" అని పంపేది ఇలాంటివే. ఇక్కడితో ఆపేసి నిద్రపోతారు కూడా.

ఆ ఖాళీలో కాథీ హోకుల్ అనే డెమొక్రాట్ గెలిచింది. ఏడాదిన్నరకి నియోజకవర్గాన్ని మళ్ళీ గీశారు, ప్లేటు 27 అయింది, రాష్ట్రంలోకెల్లా రిపబ్లికన్లు దండిగా ఉన్న సీటయింది, ఆవిడ ఓడింది. తర్వాత ఏకంగా గవర్నరయింది, అది వేరే సంగతి. ఓడించినవారు మన రెండో క్రిస్, శ్రీమాన్ క్రిస్ కాలిన్స్ గారు.

ఈయనకి ఇన్నేట్ ఇమ్యునోథెరప్యూటిక్స్ అనే ఆస్ట్రేలియా మందుల కంపెనీలో బోర్డు సభ్యత్వం ఉంది, పెద్ద ఎత్తున షేర్లూ ఉన్నాయి. బఫెలోలో ఎంతమందిని మిలియనీర్లని చేశానో తెలుసా అని సభ బయట ఫోన్లో గొప్పలు పోతూ విలేకరుల చెవిన పడిన ఘనుడు. ప్రజాసేవంటే మరేమిటి?

2017 జూన్ 22. వైట్‌హౌస్ పచ్చికలో సభ్యులకి, కుటుంబాలకి విందు. పిల్లలు పరిగెడుతున్నారు. మన క్రిస్ గారికి ఈమెయిల్ వచ్చింది: కంపెనీకున్న ఒకే ఒక్క ముఖ్యమైన మందు, మల్టిపుల్ స్క్లిరోసిస్ అనే నరాల జబ్బు రోగులకి ఇవ్వాల్సింది, పరీక్షలో తప్పింది. మనమైతే ఏం చేస్తాం? పళ్ళెం కింద పెట్టి "అయ్యో, ఆ రోగుల గతేంటి" అంటాం. ఆయన అక్కడే, ఆ పచ్చిక మీదే నిలబడి కొడుక్కి ఫోన్ కొట్టాడు. దొరకలేదు. కొడుకు చేశాడు, ఈయన ఎత్తలేదు. కోట్ల రూపాయల విషయంలో తండ్రీ కొడుకులు మిస్డ్ కాల్స్ ఆడుకున్నారు. చివరికి కలిశాక ఆరు నిమిషాలు మాట్లాడుకున్నారు. ఆయన ఫోన్ చెవికి ఆనించుకుని నిలబడ్డ దృశ్యం టీవీ కెమెరాలో పడింది కూడా. నేరం చేస్తూ వైట్‌హౌస్ వెనక ఫోటో దిగడం అందరివల్లా అయ్యే పని కాదు. కొడుకూ, కొడుకు వియ్యాలవారి వైపు వాళ్ళూ షేర్లు అమ్మేశారు. వార్త బయటికొచ్చాక షేరు 92 శాతం కూలింది.

బయటికి రాని వార్త ముందే చెప్పి షేర్లు అమ్మించాడని 2018 ఆగస్టు 8న కేసు. మూడు రోజులకి పోటీ నుంచి తప్పుకుంటున్నానన్నాడు. ఇక్కడుంది అసలు తమాషా. న్యూయార్క్ చట్టం ప్రకారం నామినేషన్ ఖాయమైనవాడి పేరు బ్యాలట్ నుంచి తియ్యడం అంత తేలిక కాదు. చచ్చిపోవాలి. లేదా రాష్ట్రం వదలాలి. లేదా ఇంకో పదవికి అభ్యర్థి కావాలి. పెద్దమనిషి చావడు. కదలడు. అందుకని రిపబ్లికన్ పార్టీ పెద్దలు ఈయన్ని ఏ చిన్న టౌన్‌లోనో ఏదో ఒక పదవికి నిలబెట్టగలమా అని వెతికారు.

ఆ వెతుకులాట నా కళ్ళకి కట్టినట్టు కనిపిస్తోంది. నలుగురు పెద్దలు కారేసుకుని మొక్కజొన్న చేల మధ్య నుంచి పోతున్నారు. ఓ టౌన్‌హాల్ ముందు ఆగారు.

"మీ దగ్గర టౌన్ క్లర్కు పోస్టేమన్నా ఉందా?"

"ఉంది. పనేంటో తెలుసా? కుక్కల లైసెన్సులు, చేపలు పట్టే లైసెన్సులు, పెళ్ళి లైసెన్సులు ఇవ్వాలి."

"చేస్తాడు. పెద్ద అనుభవం ఉన్న మనిషి."

"ఎందులో?"

"ఔషధ రంగంలో."

"కేసులేమన్నా ఉన్నాయా?"

"కొద్దిగా."

"మా దగ్గర ఫీజు డబ్బులు సొరుగులో ఉంటాయండీ. వద్దులెండి. పక్క ఊళ్ళో అడగండి."

పక్క ఊరు. ఆ పక్క ఊరు. దేశాధ్యక్షుడు ట్రంప్‌కి మొట్టమొదట మద్దతు పలికిన సిట్టింగ్ సభ్యుణ్ణి కుక్కల లైసెన్సుల గుమాస్తాగా ఎవరైనా తీసుకోండి బాబూ అని ఊరూరా తిప్పుతున్నారు, సంతలో ముసలి ఎద్దుని తిప్పినట్టు. నా ఊహే గానీ, చట్టం నా ఊహ కాదు.

సెప్టెంబర్ 17న ఎద్దే తాడు తెంపుకుంది. "నేనే పోటీ చేస్తున్నా" అన్నాడు. నవంబర్లో గెలిచాడు! 2 లక్షల 80 వేల పైచిలుకు ఓట్లలో వెయ్యి చిల్లర మెజారిటీతో, నేరారోపణ మెళ్ళో వేసుకుని గెలిచాడు. 2019 అక్టోబర్ 1న నేరం ఒప్పుకునే రోజున గానీ కుర్చీ ఖాళీ చెయ్యలేదు. ఆ తర్వాత తొమ్మిది నెలలకి పైగా 7 లక్షల జనానికి ప్రతినిధే లేడు. ఎవరైనా గమనించారో లేదో.

శిక్ష 26 నెలలు. తన నియోజకవర్గంలోనే అట్టికా జైలుంది, ఇంటికి దగ్గర. అక్కడ కాదు, ఫ్లోరిడాలోని పెన్సకోలా క్యాంపులో. 2020 అక్టోబర్ 13న లోపలికెళ్ళాడు, డిసెంబర్ 22న ట్రంప్ క్షమాభిక్ష. 70 రోజులు. ఆయనతో పాటు ఒకే రోజున ట్రంప్‌కి మద్దతు పలికిన కాలిఫోర్నియా సభ్యుడు డంకన్ హంటర్ మీదా 2018 ఆగస్టులోనే కేసు పడింది, ఆయనకీ అదే రోజు క్షమాభిక్ష. జంట కవుల్లాగా.

మూడో క్రిస్, క్రిస్ జేకబ్స్. దేవుడేం కాదు. 2021 జనవరి 6న అధ్యక్ష ఎన్నికలో రెండు రాష్ట్రాల ఫలితాల మీద అభ్యంతరం ఓటేసినవాళ్ళలో ఈయనా ఉన్నాడు. ఏ కోణంలో చూసినా తుపాకుల పక్షాన నిలిచే రిపబ్లికన్ పార్టీ మనిషే.

2022 మే 14, శనివారం మధ్యాహ్నం. బఫెలోలో జెఫర్సన్ అవెన్యూ మీద టాప్స్ సూపర్‌మార్కెట్. నల్లవాళ్ళు ఎక్కడ ఎక్కువగా ఉంటారో చూసుకుని, 200 మైళ్ళ దూరం నుంచి కారు నడుపుకుంటూ వచ్చాడు 18 ఏళ్ళవాడు. చట్టబద్ధంగా కొన్న తుపాకీ. 10 మందిని చంపాడు, పది మందీ నల్లవాళ్ళే. అందులో 86 ఏళ్ళ ముసలావిడ ఉంది. కూరగాయలకొచ్చిన మనుషులు. పది రోజులకి టెక్సాస్‌లో బడిలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు.

మే 27న జేకబ్స్ ఒక మాటన్నాడు. ఇలాంటి తుపాకుల మీద నిషేధం వస్తే నేను ఓటేస్తాను, కొనే వయసు 21 చెయ్యాలి. అంతే. తుపాకులు గుంజుకుంటానన్లేదు. చట్టం తెచ్చెయ్యలేదు. వస్తే ఓటేస్తానన్నాడు.

ఏడో రోజున, జూన్ 3న, పోటీ నుంచి తప్పుకున్నాడు. మొన్నటిదాకా భుజమ్మీద చెయ్యేసిన పార్టీవాళ్ళు ఒక్కొక్కరే చెయ్యి తీసేశారు. షేర్ల దొంగ కోసం ఊరూరా తిరిగి గుమాస్తా ఉద్యోగం వెతికిన పార్టీయే కదరా ఇది! ఈయనకి ఒక్కడు ఎదురొచ్చి "ఉండవయ్యా, ఆలోచిద్దాం" అనలేదే! కొడుక్కి ఫోన్ చేసినవాడికి పదిహేను నెలలు గడిచినా టిక్కెట్టు, ఓట్లు, క్షమాభిక్ష. శవాలు చూసి మనసు మార్చుకున్నవాడికి ఏడు రోజులు. సిగ్గు లేదు. వీళ్ళకి సిస్టమ్ ఉందట!

2023 జనవరి 3తో 27 నంబరు చెల్లిపోయింది. ఊళ్ళని 23కీ 24కీ చుట్టుపక్కల నంబర్లకీ పంచారు. ఎవరూ ఏడవలేదు, ఆవులు పాలిచ్చాయి.

నాకు మాత్రం ఇంకా ఆ 89 మందే నిద్రపట్టనివ్వడం లేదు. సోఫా వెనక నక్కిన మా బావ కుటుంబం నలుగురు పోతే 85. ఆ మధ్య ఇంకొకరు దొరికారు. కాలిన్స్ గారు జనాభా లెక్కల నాటికే న్యూయార్క్ వదిలి ఫ్లోరిడాకి మకాం మార్చేశారు. ఆ లెక్కలోనే ఫ్లోరిడాకి ఒక సీటు పెరిగింది. అక్కణ్ణుంచి మళ్ళీ కాంగ్రెస్‌కి పోటీ చేస్తానని 2025లో ప్రకటించారు కూడా.

84.