వాగ్దాన కార్డుతో పాటు ఆ అధ్యాయం కూడా చదవండి

చర్చిలో కొత్త సంవత్సరం ఆరాధనలో చేతికొచ్చిన వాగ్దాన కార్డే, అంటే బైబిల్ వచనం రాసి ఉన్న కార్డే, ఆ ఏడాదికి దేవుడు మనతో మాట్లాడిన మాట అని అంటుంటారు. దేవుడు వాక్యం ద్వారా మాట్లాడతాడన్నది నిజమే. కానీ కార్డు మీద పట్టేది ఒక్క వచనమే.

చాలామందికి వచ్చే యిర్మీయా 29:11నే తీసుకోండి. మీ గురించి నా ఉద్దేశాలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావు అని దేవుడు చెప్పే వచనం అది. బబులోనుకు చెరగా వెళ్లినవాళ్లకు యిర్మీయా ప్రవక్త యెరూషలేము నుంచి రాసిన ఉత్తరంలోని మాట. దాని పై వచనంలోనే విడుదలకు 70 ఏళ్లు అని ఉంది! ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని 5-7 వచనాలు చెబుతాయి. రెండేళ్లలోనే విడుదల అన్నది 28వ అధ్యాయంలోని హనన్యా అనే అబద్ధ ప్రవక్త. వినడానికి హాయిగా ఉన్నది ఆ మాటే, అబద్ధమైందీ అదే. కార్డు చూసి ఈ ఏడాదే వీసా ఖాయం అనుకునేవారు పడే పొరపాటు సరిగ్గా ఇదే.

కార్డు తీసుకున్న రాత్రే అధ్యాయమంతా చదవండి. ఎవరు, ఎవరికి, ఎప్పుడు చెప్పారో బైబిల్ అంచున పెన్సిల్‌తో రాసుకోండి.

ఇక "ప్రభువు నాకు చెప్పాడు" అని కొందరు అనే మాటల సంగతి. 1 థెస్సలొనీకయులకు 5:20-21లో ప్రవచనాన్ని తృణీకరించవద్దని, అన్నిటినీ పరీక్షించమని పక్కపక్కనే ఉంది. దేవుడు పిలిచినప్పుడు బాలుడైన సమూయేలు కూడా మూడుసార్లు యాజకుడైన ఏలీ దగ్గరికే పరుగెత్తాడు. పిలుస్తున్నది దేవుడని గ్రహించింది ఆ ముసలాయనే. పెళ్లి, ఆస్తి లాంటి విషయాల్లో సంఘ పెద్దలతో కూర్చుని ప్రార్థించకుండా అడుగు వేయకండి.