మహారాజశ్రీ ట్యాకిల్ బాక్సు గారికి

మహారాజశ్రీ ట్యాకిల్ బాక్సు గారి దివ్యసముఖమునకు, టెక్సస్ రాష్ట్రం ఫ్రిస్కో నుంచి తమరి బరువు మోసే మనిషి నమస్కరించి వ్రాసుకునే విన్నపములు. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు గరాజులో, మా రెండో కారు ఉండవలసిన చోట, చేపలు పట్టే సరంజామా అంతా కడుపులో పెట్టుకుని, మూడు అరలతో, రెండు పక్కజేబులతో, ఒక చక్రాల బండితో సుఖంగా ఉన్నారని రోజూ చూస్తూనే ఉన్నాను కనుక ఉభయకుశలోపరి.

విషయమేమిటంటే, మొన్న ఆదివారం ఊరెళ్ళే సామాను తూచే కొక్కేనికి తమరిని తగిలించాను. 43 పౌండ్లు తూగారు. ఇండియా విమానంలో పెట్టెకి 50 పౌండ్లు ఒప్పుకుంటారు కాబట్టి ఇంకో ఏడు పౌండ్లు పెరిగే హక్కు తమకుందని తమరు అనుకుంటూ ఉండవచ్చు. మా ఆవిడ అలా అనుకోవడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

తమరికి తమ వంశచరిత్ర తెలిసినట్టు లేదు, కాస్త చెబుతాను. 1967 జూన్‌లో రే స్కాట్ అనే ఆయన, అలబామాలో ఇన్సూరెన్సు పాలసీలు అమ్ముకునే మనిషి, ఆర్కన్సాలోని బీవర్ లేక్ మీద బాస్ చేపలు పట్టే పోటీ పెట్టాడు. తలకి 100 డాలర్లు కట్టమంటే 106 మంది కట్టారు. ఇన్సూరెన్సు ఏజెంటు వస్తున్నాడంటే మనం వెనక గదిలోకి పోయి, పిల్లాడి చేత ఇంట్లో లేమని చెప్పిస్తాం. ఈయన దగ్గరికి జనం డబ్బు పట్టుకుని ఎదురెళ్ళారు! మరుసటేడు బాస్ వేటగాళ్ళ సంఘం పెట్టాడు. 1971లో ఆ సంఘం వాళ్ళ పెద్ద పోటీ, బాస్‌మాస్టర్ క్లాసిక్, మొదలైంది. ఆ మొదటిసారి 24 మందిని విమానం ఎక్కించి, అది గాల్లోకి లేచాక గానీ ఎక్కడికి తీసుకెళ్తున్నారో చెప్పలేదు. తీరా దిగితే నెవాడాలో లేక్ మీడ్. బాబీ మరే అనే ఆయన గెలిచి 10,000 డాలర్లు పట్టుకెళ్ళాడు. ఇక ఇది తమరు ప్రత్యేకంగా వినాలి: ఆ పోటీకి మనిషి 10 పౌండ్లకు మించి సరంజామా తేకూడదని షరతు. ఆనాటి ఉద్దండులు 24 మందికి పదేసి పౌండ్లు సరిపోయాయి. శనివారం పొద్దున్న మూడు గంటలు ఒడ్డున నిలబడి రెండు చేపల్ని చూసొచ్చే నాకు 43 చాలడం లేదు.

నేను పుట్టుకతో ఇలాంటివాణ్ణి కాదు. కోనసీమ కాలువ గట్టు మీద మాకున్న సరంజామా అంతా వెదురు కర్ర, దారం, గాలం, జీలుగు బెండు. అరటిపాదులో తవ్వితే ఎర్రలు ఉచితం. వాటితో జెల్లలో పరిగెలో పడేవి. పడినవి సాయంత్రానికి దాకలో ఉండేవి. పడకపోతే తిట్లు పడేవి. ఏ రంగు ఎర్ర కట్టాలి, నీటి అడుగున దారం కనిపిస్తుందా లేదా అన్న మీమాంస ఎప్పుడూ రాలేదు.

ఇక్కడికొచ్చాక ఆఫీసులో ఒక పెద్దమనిషి, పుట్టు టెక్సన్, బాస్ గురించి చెప్పి నన్ను చెడగొట్టాడు. లార్జ్‌మౌత్ బాస్ అంటే మన కొరమీను స్వభావమే. చుట్టరికం ఏమీ లేదు, బుద్ధి మాత్రం అదే. నాచు పక్కన, మునిగిన మొద్దు పక్కన మాటు వేసి, ఎదురుగా ఏదొస్తే దాన్ని నోరు బార్లా తెరిచి నీళ్ళతో సహా గుటుక్కున పీల్చేస్తుంది. ఆకలేసినా పీలుస్తుంది, కోపమొచ్చినా పీలుస్తుంది. ఇంత సులువుగా మోసపోయే జీవిని పట్టడానికి ఇన్ని వస్తువులు ఎందుకని తమరు నన్ను అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

దారం చుట్టే రీళ్ళ సంగతి తీసుకోండి. గేరు నిష్పత్తి అని ఒకటుంది. పిడి ఒక్క చుట్టు తిప్పితే లోపల కండె ఎన్ని చుట్లు తిరుగుతుందన్నది దాని లెక్క. లోతుకి దిగే క్రాంక్‌బెయిట్ అనే చేపబొమ్మ ఎరని నిదానంగా లాగాలి కాబట్టి అయిదు చుట్లది కావాలి. స్పిన్నర్‌బెయిట్ అనే తిరిగే రేకుల ఎరకి ఆరు, జిగ్గు అనే బరువు గాలానికి ఏడు. నాచులోంచి కప్పబొమ్మని గబుక్కున వెనక్కి లాక్కోవాలంటే ఎనిమిది. ఒకే రీలుతో చెయ్యి కాస్త మెల్లగా, కాస్త జోరుగా తిప్పుకోవచ్చు కదా అని మా ఆవిడ అడిగింది. ఆ ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు, నాలుగు రీళ్ళు మాత్రం ఉన్నాయి. రీలుకో రాడ్డు. రాడ్డుకి బలం వేరు, వంపు వేరు, ఆ రెండూ కలిపి చూసుకోవాలని దుకాణంలో కుర్రాడు పెళ్ళిసంబంధం చెప్పినట్టు చెప్పాడు.

ఈ రకం రీలుని బెయిట్‌కాస్టర్ అంటారు. అది పెట్టే పరీక్ష ఒకటుంది. విసిరిన ఎర గాల్లో నెమ్మదిస్తుంది. కండె మాత్రం మొదటి ఊపులోనే తిరుగుతూ ఉంటుంది. సరైన క్షణంలో బొటనవేలు ఆనించకపోతే బయటికి పోవాల్సిన దారమంతా లోపలే ముద్దయిపోతుంది. వీళ్ళు దాన్ని పక్షిగూడు అంటారు. ఏ పక్షో తెలియదు గానీ, నేను అల్లినవి చూస్తే మన గిజిగాడు శిష్యరికానికి వస్తాడు. నా శనివారాల్లో సగం ఆ చిక్కు విప్పడానికే పోయాయి. పక్కన ఎవరో చిన్నపిల్ల ముప్పై డాలర్ల బొమ్మరీలుతో చేప మీద చేప లాగుతూ, "అంకుల్, సాయం కావాలా?" అని అడిగి వెళ్ళింది. ఆ పిల్ల పెట్టె అరచేతిలో పడుతుంది. తమరు గమనించారో లేదో.

దారాల గురించి క్లుప్తంగా: మోనో ఇంచుమించు తేలుతుంది, ఫ్లోరోకార్బన్ మునుగుతుంది, బ్రెయిడ్ సాగదు. మూడూ ఉన్నాయి. ముడి వేయడం మాత్రం మూడింటికీ సరిగ్గా రాదు.

రంగుల దగ్గరే నాకు తమరి మీద నిజంగా కోపమొచ్చింది. తమరి రెండో అరలో ప్లాస్టిక్ పురుగులే 31 ప్యాకెట్లు. గుమ్మడికాయ పచ్చ, పుచ్చకాయ ఎరుపు, జూన్‌బగ్, నలుపు నీలం కలిసినది, అదే నలుపు నీలానికి మెరుపులు అద్దినది. కంచిపట్టు చీరల దుకాణంలో కూడా ఇంత బేరం నడవదు. తీరా చూస్తే 2018లో ఇల్లినాయి విశ్వవిద్యాలయం వాళ్ళు బాస్ కంటిని పరీక్షించి, అది ఎరుపునీ పచ్చనీ బాగానే పోలుస్తుంది గానీ ముదురు నీలానికీ నలుపుకీ తేడా పట్టలేదని తేల్చారు. అంటే నలుపు నీలం అని ప్రత్యేకంగా వెతికి కొన్నది ఆ చేపకి ఉత్త నలుపు. తేడా తెలిసింది నా క్రెడిట్ కార్డుకి. అసలు ప్లాస్టిక్ పురుగు అనేదే 1949లో ఒహాయో రాష్ట్రం ఏక్రన్‌లో నిక్ క్రీమ్ అనే ఆయన తన వంటింట్లో కాచి పోసిన సరుకు. తర్వాత ఆ కంపెనీ మా టెక్సస్‌లోని టైలర్‌కే వచ్చింది. నేను వంటింట్లో అలాంటిది కాస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

ఇక పోటీలు చూడటం. ఈ జబ్బు తమరి వల్ల వచ్చిందో, దీని వల్ల తమరు లావెక్కారో తేలలేదు. ఎవడు గెలిస్తే వాడి ఎర సోమవారానికి తమరి అరలో ఉండాలి. 2025 మార్చిలో క్లాసిక్ మా పక్కనే, రే రాబర్ట్స్ లేక్ మీద జరిగింది. చీకట్లోనే లేచి, ఇడ్లీలు డబ్బాలో పెట్టుకుని ఒడ్డుకి వెళ్ళాను. జిగేలుమనే పడవలు, ఒక్కోదాని వెనక 250 గుర్రాల మోటారు. ఒక్కో పడవ ఖరీదుకి మా ఊళ్ళో కొబ్బరితోట వస్తుంది. సాయంత్రం ఫోర్ట్‌వర్త్‌లో డికీస్ అరీనా నిండా జనం. దేనికంటే, తూకం చూడటానికి! రైతుబజారులో కాటా ముందు మనం ఏ కళ్ళతో నిలబడతామో సరిగ్గా ఆ కళ్ళతో వేలమంది. మిన్నెసోటా కుర్రాడు ఈస్టన్ ఫోథర్‌గిల్, ఇరవై రెండేళ్ళవాడు, మూడు రోజుల్లో పదిహేను చేపలకి 76 పౌండ్ల 15 ఔన్సులు తూచి, 2011లో కెవిన్ వాన్‌డామ్ పెట్టిన 69 పౌండ్ల 11 ఔన్సుల రికార్డు కొట్టేశాడు. చేతికి 300,000 డాలర్లు. మర్నాడు నేను వెళ్ళేసరికి దుకాణంలో ఆ బాపతు ఎర తగిలించే కొక్కెం ఖాళీ. ఆ బోసి కొక్కేన్ని చూస్తూ కాసేపు నిలబడి, పక్క కొక్కేనికున్నది కొనుక్కొచ్చాను.

వయసైపోయిందని మానేద్దామన్నా రిక్ క్లన్ అడ్డుపడతాడు. నాలుగుసార్లు క్లాసిక్ గెలిచిన ఆ పెద్దాయన 2019లో ఫ్లోరిడాలోని సెయింట్ జాన్స్ నది మీద 72 ఏళ్ళ వయసులో పోటీ గెలిచాడు. ఆ లెక్కన నాకింకా ముప్పై ఏళ్ళ సర్వీసు మిగిలే ఉందని మా ఆవిడతో అన్నాను. పెన్షన్ ఎంతొస్తుందని అడిగింది.

ఇప్పుడు కుర్రాళ్ళంతా ముందుచూపు సోనార్ మీద పడ్డారు. 2018లో గార్మిన్ వాళ్ళు లైవ్‌స్కోప్ తెచ్చినప్పటినుంచీ పడవ ముందు చేప ఈదడం, ఎర దిగడం, చేప తిరిగి చూడటం అన్నీ తెర మీద కనిపిస్తాయి. అయిదు రోజులు లాప్‌టాప్ చూసి విసిగి చెరువుకి వెళ్ళి, అక్కడ ఇంకో తెర చూడటం. ఇది వేట కాదు, ప్రొడక్షన్ సపోర్ట్. మేజర్ లీగ్ ఫిషింగ్ అనే ఇంకో పోటీల సంస్థ వాళ్ళు 2025లో రోజుకి మూడు విడతల్లో ఒక్క విడతే దాన్ని వాడాలని కట్టడి చేశారు. మా ఇంట్లో పిల్లల స్క్రీన్ టైమ్ నియమం కూడా ఇంత కచ్చితంగా అమలు కాదు. 2022లో ఈరీ సరస్సు దగ్గర ఇంకో రకం చేపల పోటీలో ఇద్దరు మహానుభావులు చేపల కడుపులో సీసపు గుండ్లు కుక్కి దొరికిపోయారు. అది చూశాక తెర పట్టుకున్నవాళ్ళే నయమనిపించింది లెండి.

అసలు నా గోడు వేరే ఉంది. 1972 నుంచీ రే స్కాట్ గారి ధర్మం, పట్టిన చేపని బతికుండగానే వదలాలని. పోటీలో చచ్చిన చేప తెస్తే తూకంలో నాలుగు ఔన్సులు కోత. మంచి ధర్మమే, చెరువులు నిండుగా ఉన్నాయంటే దానివల్లే, నేను కాదనను. కానీ పుస్తెలమ్మైనా పులస తినాలి అని విని పెరిగిన గోదావరివాణ్ణి. మావాళ్ళు యానాం వేలంలో ఒక్క పులసకి ఇరవై వేలు పైన పెడితే లోకం నవ్వుతుంది. వాళ్ళు కనీసం తింటారు! నేను పుస్తెలంత ఖర్చు పెట్టి, చేపకి ఫొటో తీసి, క్షమాపణ చెప్పి నీళ్ళలో వదిలి, ఇంటికొచ్చి పప్పుచారు తింటున్నాను.

పైగా ఈ మతానికి మూలపురుషుడు జార్జ్ పెరీ ఏం చేశాడో ఎవరూ గట్టిగా చెప్పరు. 1932 జూన్ 2న, జార్జియాలో, వాన పడి పొలం దున్నడం కుదరక చేపలకి వెళ్ళాడు. ఇద్దరు మనుషులకి కలిపి ఒకే రాడ్డు, ఒకే ఎర అని చెబుతారు. 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్ పడింది. 2009లో జపాన్‌లో బీవా సరస్సు దగ్గర మనాబు కురిటా దానికి ఇంచుమించు ఔన్సు ఎక్కువ పట్టినా, రికార్డు చెరగాలంటే రెండు ఔన్సుల తేడా ఉండాలన్నారు కాబట్టి ఇద్దరూ సమానమే. ఒక పత్రిక వాళ్ళు పెరీకి 75 డాలర్ల సామాను ఇచ్చారు. చేపని ఇంట్లో వండుకుని తిన్నారు. ప్రపంచ రికార్డుని.

అందుకని ఒక నేరం ఒప్పుకుంటున్నాను. ఆఫీసు పెద్దమనిషికి చెప్పకండి. పోయిన నెల నాకు పదిహేను అంగుళాల బాస్ పడింది. టెక్సస్‌లో మామూలు నియమం 14 అంగుళాలు, రోజుకి అయిదు, కాబట్టి చట్టం నా పక్షాన ఉంది. అటూ ఇటూ చూసి ఐస్ డబ్బాలో వేశాను. మా ఆవిడ చింతపండు పులుసు పోసి, బెండకాయలు వేసి, దించేముందు ఆవకాయ మీద తేలిన నూనె గరిటెడు పోసింది. రాత్రంతా దాకలో ఊరనిచ్చి పొద్దున్న తిన్నాం. ముళ్ళు తక్కువ, రుచి ఫరవాలేదు, పులస ముందు నిలబడదు. నాలుగేళ్ళలో తమరి మీద, తమరి బంధువర్గం మీద అయిన ఖర్చు 4,312 డాలర్లు. చేప కిలోకి తక్కువ. ఎనిమిది ముక్కలయ్యాయి. రూపాయల్లో ముక్కకి నలభై అయిదు వేలు పైనే. మా అబ్బాయి ఒక ముక్క వదిలేశాడు. నేను వాడితో రెండు రోజులు మాట్లాడలేదు.

"ఏవండీ, ఇంతకీ ఇది దేనికి పడిందీ?" అని అడిగింది మా ఆవిడ, చెయ్యి కడుక్కుంటూ.

ఆ రోజు తమరు రాలేదు. మా ఆవిడ కారులో వెళ్ళడం వల్ల తమరిని గరాజులోనే మరిచాను. చెరువు దగ్గర డిక్కీలో ఒక పాత రాడ్డు, సీటు కింద దుమ్ములో ఒక ప్లాస్టిక్ పురుగు దొరికాయి. తోక సగం తెగింది. ఎండకి రంగు వెలిసి, గోరింటాకు ముద్దకీ పాచికీ మధ్య ఏదో పచ్చగా ఉంది. మూడో విసురుకి పడింది.

ఈ మాట తమరి మనసు నొప్పించడానికి రాయడం లేదు. ఆ పురుగు ప్యాకెట్ ఏదో నెల రోజులు వెతికాను. ఆ రంగు చేయడం మానేశారట. ఓక్లహోమాలో ఒకాయన దగ్గర మూడు ప్యాకెట్లు మిగిలున్నాయి, మామూలు ధరకి నాలుగింతలు. గురువారం వస్తున్నాయి. ఎండలో పెట్టి వెలిపించాలి, తోకలు కత్తిరించాలి, ఆ పనులు నేను చూసుకుంటాను. దయచేసి మూడో అరలో కాస్త చోటు చూసి ఉంచగలరు.

ఇట్లు,
తమ విధేయుడు