కన్ను పడినా ‘లేదు’ అని దాటేస్తాం

బెజవాడ ఇంద్రకీలాద్రి మీద దసరా రోజుల్లో అన్నింటికన్నా ఎక్కువ రద్దీ మూలా నక్షత్రం నాడే. ఆ క్యూలో పసుపు గౌను వేసుకున్న ఐదేళ్ల పాప అమ్మ చెయ్యి వదిలేసిందనుకుందాం. కంట్రోల్ రూమ్‌లో ఒక మనిషి, ఆయన ముందు పది కెమెరాల ఫుటేజీ. ఎంత వేగంగా తిప్పాలి?

‘ఫాస్ట్‌గా చూడండి’ అంటారు అందరూ. ఈలోగా పాప దుర్గా ఘాట్ దాకా వెళ్లిపోవచ్చు కాబట్టి ఆ టెన్షన్ న్యాయమైనదే. కానీ చిక్కు కన్నులో లేదు. ‘ఇందులో లేదు’ అని ఎంత తొందరగా తేల్చేస్తామన్న దాంట్లో ఉంది.

మనిషి చూపు ఎలా వెతుకుతుందో పరిశోధించే జెరెమీ వుల్ఫ్ బృందం 2005లో ‘నేచర్’ సైన్స్ పత్రికలో ఒక ప్రయోగం ప్రచురించింది. బ్యాగుల ఎక్స్‌రేల్లాంటి బొమ్మల్లో పనిముట్లు వెతకమన్నారు. సగం బొమ్మల్లో పనిముట్లు ఉన్నప్పుడు 7 శాతం మిస్సయ్యాయి. నూటికి ఒక్కదాంట్లోనే ఉన్నప్పుడు 30 శాతం. లేదు, లేదు అనుకుంటూ పోయేకొద్దీ ‘లేదు’ అనడానికి పట్టే టైమ్ తగ్గిపోతుంది. మన పాప వేల ఫ్రేముల్లో ఏ రెండు మూడింటిలోనో ఉంటుంది.

ఇంకోటి. 2013లో ఊపిరితిత్తుల సీటీ స్కాన్లలో గొరిల్లా బొమ్మ పెట్టి, గడ్డలు వెతకమంటే 24 మంది రేడియాలజిస్టుల్లో 20 మంది దాన్ని గమనించలేదు. వాళ్లలో సగానికి పైగా మంది చూపు సరిగ్గా దాని మీదే పడింది! పసుపు గౌను కోసమే వెతికితే, ఎవరో చల్లగాలికి తువ్వాలు కప్పిన పాపను కూడా అలాగే దాటేస్తాం.

అనుమానంతో ఆగితే పోయేది అర నిమిషం. దాటేస్తే పోయేది బిడ్డ. ఈ రెండు తప్పుల్నీ ఒకే త్రాసులో తూచకూడదు. నా మటుకు మొదటి చూపు వేగంగానే సాగాలి. అయితే ఏ కాస్త సందేహం ఉన్నా ఆ చోట గుర్తు పెట్టి ముందుకు సాగాలి, తేల్చే పని ఇంకొకరు నిదానంగా చేయాలి. ఒకే మనిషిని గంటల తరబడి కూర్చోబెట్టకూడదు.

విమానాశ్రయాల్లో సిబ్బంది చూపు మొద్దుబారకుండా ఎక్స్‌రే తెర మీద అప్పుడప్పుడూ ఉత్తుత్తి ఆయుధాల బొమ్మలు వేస్తారు. కొండ మీద కూడా ఓ వలంటీరును ఫలానా రంగు బట్టల్లో జనంలోకి పంపి, కనిపెట్టమని అడగొచ్చు. పండగకు ముందే ఆ అలవాటు పడాలి.