ఏడాది ఆరిన మేపుల్ ముందు కోకోబోలో ఎంత?

బిలియర్డ్స్ లాంటి పూల్ ఆటలో బంతిని కొట్టే కర్రే క్యూ. చేత్తో చేసిన పూల్ క్యూ కొనాలనుకున్నవాళ్లు మొదట అడిగేది కలప పేరే. కోకోబోలోనా, గాబన్ ఎబొనీనా, ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్డా? అమెరికాలో కస్టమ్ క్యూల ధరలు చాలావరకు ఈ పేర్లను పట్టే పెరుగుతాయి. చెట్టు ఎంత అరుదైనదైతే క్యూ అంత గొప్పదన్న నమ్మకం ఈ ఆటలో బాగా పాతుకుపోయింది. నా దృష్టిలో అది తప్పుడు నమ్మకం. ఆటకు దానివల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదు.

క్యూకి ముందు భాగం షాఫ్ట్, వెనక భాగం బట్. చెక్క షాఫ్ట్ అయితే, ఎంత ఖరీదైన పూల్ క్యూలోనైనా అది దాదాపు ఎప్పుడూ ఉత్తర అమెరికాలో విరివిగా పెరిగే హార్డ్ మేపులే. స్నూకర్‌లో ఎక్కువగా యాష్. పేరు మోసిన ఆ కలపంతా బట్‌లోకే పోతుంది. షాఫ్ట్ కొసన ఉండే టిప్ బంతిని తాకి ఉండేది సెకనులో వెయ్యో వంతు, మహా అయితే రెండు వంతులు. ఆ రెప్పపాటులో బంతి దారిని ప్రభావితం చేసేది టిప్ వైపున్న కొద్ది అంగుళాల బరువు మాత్రమే. బంతిని మధ్యలో కాకుండా పక్కగా కొట్టినప్పుడు అది గురి నుంచి ఎంత తొలుగుతుందో చాలావరకు ఆ బరువును బట్టే ఉంటుంది. ఈ తొలగడాన్నే డిఫ్లెక్షన్ అంటారు. తక్కువ డిఫ్లెక్షన్ షాఫ్ట్‌లు చేసేవాళ్లు ముందు కొసను లోపల తొలిచి తేలిక చేసింది ఇందుకే. కార్బన్ ఫైబర్ షాఫ్ట్‌లు వచ్చిందీ ఈ దారిలోనే. అరచేతి కింద నల్లగా మెరిసే ఎబొనీకి ఇందులో చెప్పుకోదగ్గ పాత్రేమీ లేదు.

ఇక బరువు సంగతి చూడండి. పూల్ క్యూ సాధారణంగా 18 నుంచి 21 ఔన్సులు, అంటే 600 గ్రాముల లోపే. హార్డ్ మేపుల్ ఘనపు మీటరుకు సుమారు 700 కిలోలు తూగుతుంది. కోకోబోలో 1,100 దాకా, బ్లాక్‌వుడ్ 1,270 దాకా తూగుతాయి. ఈ రెండూ నీళ్లలో వేస్తే మునిగిపోతాయి. బట్ మొత్తం అలాంటి చెక్కతో చేస్తే చేతికి భారమైపోతుంది. అందుకే చాలామంది తయారీదారులు ఆ ఖరీదైన ముక్కను మధ్యలో పొడవునా తొలిచి, లోపల మేపుల్ కడ్డీ అతికిస్తారు. దీన్నే కోరింగ్ అంటారు. కొన్నవాడు కోకోబోలో పేరుకి డబ్బు కడితే, క్యూని నిటారుగా నిలబెట్టే పని లోపలున్న మేపుల్ చేస్తోందన్నమాట! పైగా కోకోబోలో నూనె చెక్క. అసిటోన్‌తో తుడిచి వెంటనే అతికించకపోతే జిగురు పట్టదు. దాని పొడి పడక చర్మం మీద దద్దుర్లు లేచే పనివాళ్లున్నారు.

క్యూ మంచిదయ్యేది ఎక్కడో చెప్పాలంటే, చెక్క ఆరే చోట. చెట్టు కొట్టి పలకలు కోశాక కూడా చెక్క కదలడం మానదు. తేమ తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది, లోపలి బిగువు వదిలేకొద్దీ మెలి తిరుగుతుంది. ఓపికున్న తయారీదారు ముక్కను లేత్ మీద ఒకసారి సన్నగా పొర తీసి, నిలువుగా వేలాడదీసి వారాల తరబడి వదిలేస్తాడు. వంగితే మళ్లీ సరిచేసి ఇంకో పొర తీస్తాడు, మళ్లీ వేలాడదీస్తాడు. అంగుళంలో కొన్ని వెయ్యో వంతుల చొప్పున నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఇదే పని. అప్పటికీ మొండికేసిన ముక్కను పక్కన పారేస్తాడు. సరిగ్గా ఆరని చెక్కతో తలుపు చేయించి, వానాకాలంలో అది మూసుకోక అవస్థ పడిన ఇల్లు మనలో ఎవరికి తెలియదు? క్యూ విషయంలో అంత తేడా కూడా అక్కర్లేదు. వెంట్రుకవాసి వంకర వచ్చినా ఆట పోతుంది.

జార్జి బాలాబుష్కా 1959 నుంచి 1975లో కన్నుమూసేదాకా న్యూయార్క్‌లో క్యూలు చేశాడు. ఆయన క్యూలకు ఇవాళ లక్షల రూపాయల ధర పలుకుతోంది. వాటిలో ఎబొనీ, రోజ్‌వుడ్ లేకపోలేదు కానీ, చాలా క్యూల బట్‌లో పట్టుకి ముందు కనిపించేది పిట్టకన్ను లాంటి చుక్కలుండే బర్డ్స్ ఐ మేపుల్, పట్టు దగ్గర చుట్టింది ఐరిష్ లినెన్ దారం. జనం ఇన్నేళ్లుగా ఎగబడుతున్నది ఆ పనితనం కోసం.

ఒక్కో క్యూలో పట్టేది అరకిలో చెక్క కూడా ఉండదు, రోజ్‌వుడ్ అడవుల్ని మింగింది చైనా ఫర్నిచర్ మార్కెట్ కానీ మేం కాదు అని తయారీదారులు అంటారు. లెక్క చూస్తే నిజమే. బరువైన చెక్కతో దెబ్బ చేతికి తెలిసే తీరు వేరుగా ఉంటుందన్నదీ ఒప్పుకుంటాను.

కానీ మచ్చలేని ముక్క కోసం జరిగే వేట ఆ అరకిలో లెక్కలోకి రాదు. 2011లో టేలర్ గిటార్ల కంపెనీ ఒక స్పెయిన్ భాగస్వామితో కలిసి కామెరూన్‌లో ఎబొనీ మిల్లు కొన్నప్పుడు ఒక సంగతి బయటపడింది. పూర్తి నలుపు చెట్టు ఒకటి దొరకడానికి దాదాపు పది చెట్లు కూలుస్తున్నారు. నరికేదాకా లోపలి రంగు తెలియదు మరి. గోధుమరంగు చారలు కనబడితే ధర రాదని అడవిలోనే వదిలేసి పోతున్నారు. గట్టిదనంలో ఆ చారల చెక్క ఏమీ తీసిపోదు, టేలర్ తర్వాత దాన్నే గిటార్లకు వాడింది. ఒక రంగు మీద మోజుకి పది చెట్లు! ఇది చదివాక నల్లటి బట్‌ని చూసి మురిసిపోవడం నా వల్ల కాలేదు.

ఈ ఆట ఇంతకుముందు ఇంతకన్నా పెద్దదే వదులుకుంది. ఒకప్పుడు బిలియర్డ్స్ బంతులు ఏనుగు దంతంతో చేసేవాళ్లు. 1860ల్లో న్యూయార్క్ తయారీదారులు ఫేలన్ అండ్ కొలెండర్, దంతానికి ప్రత్యామ్నాయం చూపినవాళ్లకు 10,000 డాలర్లు ఇస్తామన్నారు. జాన్ వెస్లీ హయత్ సెల్యులాయిడ్ దాకా వెళ్లింది ఆ ప్రయత్నంలోనే. దంతం పోయినా ఆట ఆగలేదు. కలప విషయంలోనూ అదే జరుగుతోంది. అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్. బ్రెజిల్ రోజ్‌వుడ్‌ని 1992లోనే దాని మొదటి జాబితాలో చేర్చారు. 2017 జనవరి 2 నుంచి రోజ్‌వుడ్ల డాల్బెర్జియా ప్రజాతి మొత్తం నియంత్రణలోకి వచ్చింది. కోకోబోలో, ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్ రెండూ ఆ ప్రజాతివే.

అసలు 'ఎగ్జోటిక్' అన్న మాటే నాకు నచ్చదు. ఎవరికి ఎగ్జోటిక్? మన తునికి చెట్టు ఎబొనీల కుటుంబానిదే. దాని నల్లటి చేవను ఇంగ్లిషువాళ్లు కోరమాండల్ ఎబొనీ అన్నారు. ఎండల్లో బీడీ ఆకు కోసే ఆదివాసీ ఆడవాళ్లకు అది రోజూ చూసే చెట్టు. ఎర్రచందనం మన శేషాచలం కొండల్లో పెరిగే చెట్టు. దూరదేశాల్లో దానికి మోజు పుట్టింది, స్మగ్లింగ్ పెరిగింది, 2015 ఏప్రిల్ 7న ఆ అడవిలో 20 మంది కూలీలు కాల్పుల్లో చనిపోయారు. ఎక్కడో ఒక గదిలో కలప రంగు చూసి మెచ్చుకునేవాడి దాకా ఆ కబురు చేరదు.

బొబ్బిలి వీణ దేనితో చేస్తారు? పనస చెక్కతో. ఒకే దుంగను తొలిచి చేస్తే అది ఏకాండి వీణ. కొండపల్లి బొమ్మకు పొణికి, ఏటికొప్పాక లక్క బొమ్మకు అంకుడు. అరుదని చూసి ఎంచుకున్న కలప వీటిలో ఒక్కటీ లేదు. చేతికి లొంగుతుందని, నాదం పలుకుతుందని, రంగు పట్టి మెరుస్తుందని మనవాళ్లు వాటిని ఎంచుకున్నారు. పనిని బట్టి కలపను ఎంచుకునే ఈ తెలివి తరాలుగా మన వడ్రంగులకు ఉంది. క్యూలు చేసేవాళ్లకూ ఉంది, కొనేవాళ్లే దాన్ని మరిచిపోతున్నారు.

అమెరికాలో ఉన్న అన్నయ్య చేతో, బావ చేతో క్యూ తెప్పించుకోవాలనుకునే కుర్రాళ్లు తయారీదారుని ఈ ప్రశ్నలు అడగండి. షాఫ్ట్ ముక్క ఎన్ని నెలలు ఆరింది? ఎన్నిసార్లు లేత్ ఎక్కింది? చెక్కలో నార నేరుగా ఉందా? నలుపే కావాలంటే చారల ఎబొనీ అడగండి, లేదా మేపుల్‌కే నల్ల రంగు వేయమనండి. క్యూ చేతికొచ్చాక షాఫ్ట్‌నీ బట్‌నీ బిగించి ఒకసారి, విప్పి ఒకసారి టేబుల్ మీద దొర్లించండి. ఎగరకుండా, ఊగకుండా దొర్లితే ఉంచుకోండి.