సవరణ: పీ0302 అంటే కాయిల్ పోయిందని కాదు

సింహాచలం కొండ ఎక్కుతుండగా మా కారు కుదుపులు మొదలై చెక్ ఇంజిన్ దీపం వెలిగిందనీ, ఇంజిన్ లోపాలను చదివే స్కానర్‌లో పీ0302 అనే కోడ్ వచ్చిందనీ, ఆ కోడ్ వస్తే రెండో సిలిండర్ ఇగ్నిషన్ కాయిల్ (ఇంధనాన్ని మండించే నిప్పురవ్వకు కరెంటు ఇచ్చేది) మార్చేయాలనీ గత వారం రాశాను. అది నా తొందరపాటు. రెండో సిలిండర్‌లో ఇంధనం సరిగా మండడం లేదని మాత్రమే ఆ కోడ్ చెబుతుంది, ఎందుకో చెప్పదు. నిప్పురవ్వ పుట్టించే ప్లగ్, కాయిల్, ఇంధనం చిమ్మే ఇంజెక్టర్, సిలిండర్‌లోని ఒత్తిడి (కంప్రెషన్)లలో లోపం దేనిలోనైనా ఉండవచ్చు.

కొత్త కాయిల్ వేశాక మూడు రోజులకే కుదుపులు మళ్లీ వచ్చాయి. గాజువాకలో ఒక మెకానిక్ ఇంజిన్ చల్లారాక రెండు, మూడు సిలిండర్ల కాయిళ్లను తారుమారు చేశాడు. దోషం కాయిల్‌దైతే కోడ్ మూడో సిలిండర్‌ను చూపే పీ0303గా మారాలి. మారలేదు. ప్లగ్గులు తారుమారు చేస్తే మారింది! ప్లగ్ పింగాణీ మీద వెంట్రుకవాసి పగులు. కాయిల్ డబ్బులు దండగ.

దీపం నిలకడగా వెలిగినా, ఆరుతూ వెలుగుతూ ఉన్నా ఒకటేనన్నాను. ఇది ఇంకా పెద్ద తప్పు. ఆరుతూ వెలుగుతుంటే మండని ఇంధనం పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి, అది వేడెక్కి పాడయ్యే ప్రమాదం ఉంది. వెంటనే వేగం తగ్గించి, సురక్షితమైన చోట ఆపాలి. నిలకడగా ఉంటే, టెంపరేచర్, ఆయిల్ దీపాలు వెలగనంతవరకు నెమ్మదిగా గ్యారేజీకి తీసుకెళ్లవచ్చు.

వైర్ల కనెక్టర్లు పాడయ్యాయంటూ బీచ్ రోడ్డు ఉప్పుగాలి మీద వేసిన నిందనూ వెనక్కి తీసుకుంటున్నాను. కనెక్టర్లు శుభ్రంగానే ఉన్నాయి.