పీపీటీ పంపండి సార్!

సెమిస్టర్ పరీక్షల ముందు దిల్‌సుఖ్‌నగర్‌లో కాలేజీల దగ్గరున్న ఏ జిరాక్స్ షాపు ముందైనా కాసేపు నిలబడండి. "అన్నా, పేజీకి ఆరు స్లైడ్లు, రెండు వైపులా" అన్న మాట వినబడుతుంది. నాలుగు నెలల చదువు పది కాగితాల్లో చేతికొస్తుంది. చిన్న చిన్న డబ్బాలు, వాటిలో క్రియ లేని ముక్కలు. "ద్రవ్యోల్బణం – కారణాలు – గిరాకీ". గిరాకీ ఏమైంది? పెరిగిందా, తగ్గిందా? ఆ సంగతి క్లాసులో సార్ నోటితో చెప్పాడు, నోటితోనే పోయింది.

నేను డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెబుతాను. మొదట్లో రాత్రిళ్లు కూర్చుని పవర్‌పాయింట్‌లో స్లైడ్లు (పిల్లల మాటల్లో 'పీపీటీ') చేసుకునేవాణ్ని. ఒక్క క్లిక్‌తో డిమాండ్ రేఖ, సప్లై రేఖ, అవి కలిసే బిందువు, అన్నీ రంగుల్లో వచ్చేసేవి. పిల్లలు ఫోన్లెత్తి ఫొటో తీసుకునేవారు. పాఠం అయిపోయిందని నేను, అర్థమైందని వాళ్లు అనుకునేవాళ్లం. ఓ రోజు కరెంటు పోయింది. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద రెండు గీతలు గీశాను. నిలువు గీత పక్కన 'ధర' అని రాస్తుండగానే రెండో బెంచీ అమ్మాయి అడిగింది: "సార్, ధర మారితేనే కదా కొనేది మారుతుంది? మరి ధరను అడ్డగీత మీద పెట్టాలి కదా?"

అసలైన ప్రశ్న! లెక్కల్లో కారణాన్ని అడ్డగీత మీద పెట్టడం అలవాటు. ఎకనామిక్స్‌లో మాత్రం ఆర్థికవేత్త ఆల్‌ఫ్రెడ్ మార్షల్ కాలం నుంచి ధర నిలువు గీతకే అతుక్కుపోయింది. అంతకుముందు అదే బొమ్మను స్లైడ్ మీద ఎన్నిసార్లు చూపించానో, ఒక్కరూ ఈ మాట అడగలేదు. అడగడానికి సందు ఎక్కడుంది? బోర్డు మీద చేయి కదిలేంత సేపూ పిల్లల బుర్ర కూడా నడుస్తుంది. స్లైడ్ వంట అయ్యాక పెట్టిన విస్తరి, పొయ్యి దగ్గర జరిగింది కనబడదు.

పవర్‌పాయింట్ పుట్టింది క్లాసు కోసం కాదు, ఆఫీసు మీటింగుల కోసం. 1987లో మొదట మాకింటాష్ కంప్యూటర్‌కు వచ్చింది, అదే ఏడాది మైక్రోసాఫ్ట్ దాన్ని కొనేసింది. పెద్ద ఇంజనీర్ల దగ్గర కూడా అది ఎంత పని చేసిందో 2003లో తెలిసింది. కల్పనా చావ్లా సహా ఏడుగురిని పొట్టనబెట్టుకున్న కొలంబియా అంతరిక్ష నౌక ప్రమాదంపై విచారణ జరిపిన బోర్డు ఒక స్లైడ్‌ను ప్రత్యేకంగా తప్పుబట్టింది. ఇంధన ట్యాంకు నుంచి ఊడి నౌక రెక్కకు తగిలిన నురుగు (ఫోమ్) ముక్క, పరీక్షల్లో వాడిన ముక్క కంటే వందల రెట్లు పెద్దది. ఆ సంగతి స్లైడ్ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది.

తెర మీదున్న వాక్యాన్నే సార్ పైకి చదవడం ఇంకో జబ్బు. బొమ్మ చూపిస్తూ మాట్లాడితే బాగా ఎక్కుతుందని, అవే మాటలు తెర మీద కూడా రాసి పెడితే నేర్చుకోవడం తగ్గుతుందని రిచర్డ్ మేయర్ అనే మనస్తత్వవేత్త ప్రయోగాల్లో తేలింది. కన్ను చదువుతుంటే చెవి వినదు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకైతే ఆ వాక్యం ఇంగ్లిష్‌లో ఉండటం అదనపు బరువు. పోనీ తెలుగులో చేద్దామంటే, ఇంట్లో 'అను' అనే తెలుగు ఫాంట్లో కొట్టింది, ఆ ఫాంట్ లేని కాలేజీ కంప్యూటర్‌లో పిచ్చి గీతలై కూర్చుంటుంది.

అలాగని ప్రొజెక్టర్ తీసి అవతల పారేయమనను. ఎనభై మంది ఉన్న గదిలో చివరి బెంచీకి నా చేతిరాత కనబడదు. గుండె కవాటాలు ఎలా తెరుచుకుంటాయో సుద్దముక్కతో చూపించలేం. 1908 సెప్టెంబర్‌లో మూసీ ముంచెత్తిన నగరం ఫొటో ఒకటి, ఒక్క అక్షరం లేకుండా, పది నిమిషాలు తెర మీద ఉంచి చూడండి. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఎంతోమందిని కాపాడిన చింతచెట్టు గురించి ఎవరో ఒకరు ఎత్తుతారు. అయితే కాలేజీలకు గుర్తింపునిచ్చే న్యాక్ మదింపులో ఐసీటీ (కంప్యూటర్, ప్రొజెక్టర్ లాంటివి) వాడకానికీ మార్కులున్నాయి కాబట్టి, యాజమాన్యాలు లెక్కపెట్టేది స్లైడ్లనే. ఖాళీగా వదిలిన పది నిమిషాలను ఏ ఫైల్లో చూపిస్తాం?

ఇప్పుడు నా స్లైడ్‌లో రెండు ఖాళీ గీతలే ఉంటాయి, మిగతాది మార్కర్‌తో గీస్తాను. క్లాసవగానే వాట్సాప్‌లో "పీపీటీ పంపండి సార్" అని మామూలే. పంపుతాను. "సార్, ఫైల్ ఓపెన్ కాలేదనుకుంటా, ఏమీ కనబడట్లేదు" అని పది నిమిషాల్లో ఇంకో మెసేజ్ వస్తుంది.